పడుగు పట్టే చేతులు

"గొళ్ళెం తియ్యి ఉమా. నువ్వు తియ్యకపోతే మేమే తీస్తాం."

సీతారత్నం గొంతు పెంచలేదు. ఆడవాళ్ళ సంఘానికి పెద్ద అయ్యాక ఆవిడకి గొంతు పెంచవలసిన అవసరం రావడం లేదు. వెనకాల వీధిలోని ఆడవాళ్ళందరూ కొంగులు బొడ్లో దోపుకుని నిలబడ్డారు. అరుగు మీద చోటు చాలక కొందరు మెట్ల మీద ఆగిపోయారు.

ఉమామహేశ్వరి మగ్గం గది తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపల ఆవిడ మరిది కొండబాబు ఉన్నాడు. అరగంట క్రితం వాణ్ణి లోపలికి తోసి గొళ్ళెం వేసింది ఆవిడే. ఇప్పుడు ఆ గొళ్ళేనికి అడ్డం నిలబడింది కూడా ఆవిడే.

"పిన్నిగారూ, వాడితో నన్నొక్కసారి మాట్లాడనివ్వండి."

"మాట్లాడితే ఇవి మాయమైపోతాయా?" అంటూ చిన్నమ్మలు ముందుకొచ్చి కొంగు విప్పింది. వేలెడంత గాజు సీసాలు, వాటి మధ్య ఒక సూది. సీసాల మీద చీటీలు లేవు. ఎవరో గోటితోనో చాకుతోనో శ్రద్ధగా గీకేశారు.

మధ్యాహ్నం మగ్గం గుంట ఊడుస్తుంటే, కాళ్ళు పెట్టుకునే చోట ఇసుకలో దొరికాయవి. చీపురు ఉమామహేశ్వరి చేతిలోనే ఉంది గానీ, చుట్టిన నూలు కండెలు ఇవ్వడానికొచ్చిన చిన్నమ్మలు పక్కనే ఉంది. ఇంకెవరి కంట పడినా నయానో భయానో నోరు మూయించవచ్చు. చిన్నమ్మలుకి ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆవిడకి ఒక్కడే కొడుకు, అంజిబాబు. మొన్న ఆషాఢంలో లాకుల దగ్గర కాలవలో తేలాడు. జేబులో గంజాయి పొట్లం తడిసి ముద్దయి ఉంది.

"మా అంజి పోయిన్నాడు నువ్వేమన్నావు ఉమా? నా భుజం మీద చెయ్యేసి ఏమన్నావు? ఏ ఇంట్లో దొరికినా వదలం అక్కా అన్నావు. మరి ఇది ఇల్లు కాదా?"

ఉమామహేశ్వరి అన్నది నిజమే.

అంజిబాబు పోయాక ఆ వీధి ఆడవాళ్ళు లేచిన లేవడం చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. లాకుల దగ్గర గంజాయి అమ్మే బడ్డీని పీకి కాలవలో పడేశారు. అమ్మేవాణ్ణి బండారులంక దాకా తరిమేశారు. అంతా అయిపోయాక ఎక్సైజువాళ్ళు జీపేసుకొచ్చి, కాగితాలు రాసుకుని, కొబ్బరి బొండాలు తాగి వెళ్ళారు. ఇక పోలీసుల్ని నమ్ముకుని లాభం లేదని ఆ సాయంత్రమే మీటింగు పెట్టుకున్నారు. ఆ మీటింగులో లేచి నిలబడి, మన పాత కట్టుబాటు మళ్ళీ తెద్దాం అన్నది ఉమామహేశ్వరే.

పాత కట్టుబాటు అంటే చెయ్యి ఆపడం. నేతపనిలో పడుగు పట్టడం ఒక్క ఇంటివాళ్ళవల్ల అయ్యేది కాదు. తెల్లవారుతూనే వీధి పొడుగునా నూలు సాగదీసి, ఈ చివర కొందరు, ఆ చివర కొందరు బిగించి పట్టుకోవాలి. మధ్యనున్నవాళ్ళు గంజి పట్టించి, అది ఆరేలోపల కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. ఒక చెయ్యి జారితే చాలు, పోగులన్నీ అంటుకుపోయి అట్ట కట్టేస్తాయి. అందుకే ఇవాళ నీ పడుక్కి నేను, రేపు నా పడుక్కి నువ్వు. వెనకటి పెద్దలు తప్పు చేసినవాణ్ణి కొట్టేవారు కాదు. "చెయ్యి ఆపండి" అనేవారు. మర్నాటినుంచి వాడి పడుక్కి ఎవరూ వెళ్ళేవారు కాదు. మగ్గం ఆగిపోయేది. మగ్గం ఆగితే పొయ్యి ఆగేది.

మత్తు దొరికిన ఇంటికి వీధి చెయ్యి ఆపుతుందని తీర్మానించుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ తీర్మానం చేసినవాళ్ళందరూ వచ్చి ఉమామహేశ్వరి అరుగెక్కారు.

"రేపు పొద్దున్న మీ పడుగుంది కదా?" అంది సీతారత్నం.

"ఆయ్."

"మరి మేం రావాలా, వద్దా?"

అంత మర్యాదగా అడిగిన ప్రశ్నకి ఏం జవాబు చెప్పాలి? నూలు నానబెట్టేశారు. ఆ పడుగు పోతే మళ్ళీ పండగల దాకా పని ఉండదు. ఉమామహేశ్వరి తలుపు వైపు తిరక్కుండానే అంది.

"తెల్లారేసరికి వాడీ ఇంట్లో ఉండడండి."

చిన్నమ్మలు సీసాల్ని మళ్ళీ కొంగులో ముడేసుకుంది.

"కడుపున పుట్టకపోయినా నువ్వే పెంచేవు. నీకెంత కష్టమో నాకు తెలుసు. కానీ ఒకడి కోసం వీధిని పాడుచేసుకోలేం కదా!" అని సీతారత్నం ఉమామహేశ్వరి చెయ్యి నొక్కి మెట్లు దిగింది. నొక్కిన చెయ్యి చల్లగా ఉంది. ఆవిడ మనసులో మాత్రం ద్వేషం లేదు. అదే ఉమామహేశ్వరికి ఇంకా కష్టంగా తోచింది.

* * *

తలుపు తీసేసరికి కొండబాబు మగ్గం గుంట అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఇరవై దాటిన మొగాడు. ఉమామహేశ్వరి ఈ ఇంటికి కాపరానికొచ్చినప్పుడు మాత్రం మొలతాడు తప్ప మరో గుడ్డ లేకుండా తిరిగేవాడు. తల్లి లేని పిల్లాడు. మొదటి రోజే వచ్చి ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకున్నాడు.

"నీవేనా?"

వాడు తలెత్తలేదు.

"నిన్నే అడుగుతున్నాను. నీవేనా ఆ సీసాలు?"

"మీరందరూ అనుకున్నారు కదా, వదినా."

"నేననుకోవడం కాదు. నువ్వు చెప్పు. అంజిగాడితో బడ్డీ దగ్గర తిరిగేవు, ఒట్టేయించుకున్నాను. ఇక ముట్టనన్నావు. గంజాయి మానేసి సూదుల్లోకి దిగేవా?"

ఉమామహేశ్వరి చెయ్యి లేచింది. చెంప మీద గట్టిగానే తగిలింది. వాడు చెంప తడుముకోలేదు, పక్కకి జరగలేదు. తప్పు చేసినవాడు ఇలా కూర్చుంటాడా అని ఆవిడకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని కోపం తినేసింది.

"ఎక్కడికి పోతావు?"

"రాజోలు మావయ్య దగ్గరికి పోతాను. అక్కణ్ణుంచి ఆయన మస్కట్ పంపిస్తానంటున్నాడు కదా."

"అంటే వెళ్ళిపోడానికి సిద్ధంగానే ఉన్నావన్నమాట!"

"నువ్వే కదా పొమ్మన్నావు."

ఆ మాటలో నిష్ఠూరం ఉంటే ఆవిడ భరించగలిగేది. లేదు. వాడు గుంటలోకి చూస్తూ అడిగాడు.

"అన్నయ్య వచ్చేడా?"

"ఇంకా లేదు. చీరలిచ్చి రావాలిగా."

"వచ్చేక నన్నొకసారి కలవనియ్యి వదినా. మళ్ళీ గొళ్ళెం వెయ్యకు."

"ఎందుకు? ఆయన్ని బతిమాలుకోడానికా? ఆయన ముందు నేనే చెప్తాను నీ ఘనకార్యం" అని ఆవిడ బయటికొచ్చి గొళ్ళెం వేసేసింది.

* * *

ఉమామహేశ్వరి భర్త అబ్బులు దీపాలు పెట్టేవేళకి వచ్చాడు. సైకిలు గోడకి ఆనించబోతే పక్కకి పడిపోయింది. దాన్ని లేపలేదు. వచ్చి అరుగు మీద కూర్చుని వరసగా ఆవలింతలు తీశాడు. ముక్కు కారుతోంది. చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది.

"జలుబు చేసిందా ఏవండీ?" అంది ఉమామహేశ్వరి. తర్వాత చెప్పవలసిందంతా చెప్పింది. సీసాలు, చిన్నమ్మలు, సీతారత్నం, తెల్లారేసరికి పంపేస్తానన్న మాట. చెబుతున్నంతసేపూ ఆయన మోకాళ్ళు కదుపుతూనే ఉన్నాడు.

"కొండేడీ?"

"చెప్పేను కదండీ, లోపలున్నాడని."

"పిలు."

"ఇప్పుడు వాణ్ణి ఏమీ అనకండి. నేననవలసింది అనేసేను."

"అనడానికి కాదే. పిలు ముందు."

"ఎందుకో చెప్పండి."

"నీకు చెప్పాలా అన్నీ? నా తమ్ముణ్ణి నేను పిలుచుకోడానికి నీ ఆర్డరు కావాలా?" అని అరిచాడు. అబ్బులు అరిచే మనిషి కాదు. పెళ్ళయ్యాక ఆవిణ్ణి పట్టుకుని నోరు పారేసుకున్నది బహుశా అదే మొదలు. అరిచిన మరుక్షణం ఏడుపు మొహం పెట్టాడు.

"ఉమా, నీకు దణ్ణం పెడతాను. నడుం విరిగిపోతోంది. ఒళ్ళంతా పీకుతోంది. వాణ్ణి పిలు. సూది వాడే వేస్తాడు."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అంటే, చెవులకి వినిపించింది గానీ మనసు ఒప్పుకోలేదు.

"సూది డాక్టరుగారు కదా వేస్తారు. పొద్దున్నే వచ్చి."

"పొద్దుటిది ఆయన వేస్తారు. మజ్జానానికి, సాయంత్రానికి సీసాలిచ్చి పోతున్నారు. నా చెయ్యి నాకు కుదరడం లేదని కొండ వేస్తున్నాడు."

నడుం సూది సంగతి ఉమామహేశ్వరికి తెలియనిది కాదు. గుంట మగ్గంలో పొద్దస్తమానం వంగి కూర్చునే మనిషికి నడుంనొప్పి రాకపోతే వింత గానీ వస్తే వింతేముంది? డాక్టరుగారు వచ్చి సూదేస్తే లేచి కూర్చునేవాడు. మొదట్లో వారానికోసారి. ఆ తర్వాత రోజూ. సూది పడేటప్పుడు ఆయన మొహం తిప్పుకుంటే ఈవిడే దగ్గర కూర్చుని భుజం పట్టుకునేది. మత్తంటే గంజాయి, సారా, బడ్డీలో అమ్మే పొట్లం అనుకుంది. డాక్టరు సంచీలోంచి వచ్చింది మత్తెలా అవుతుంది? వీధి వీధంతా ఎక్కడెక్కడో వెతుకుతుంటే, అది రోజూ పొద్దున్నే వచ్చి మంచినీళ్ళు పుచ్చుకుని వెళుతోంది.

తలుపు తీసింది. కొండబాబు అన్నగారిని చూశాడు, వదినని చూశాడు. చెప్పవలసింది ఏమీ మిగల్లేదని తెలిసిపోయింది వాడికి.

"నా చెంప మీద కొడుతుంటే ఎందుకు ఊరుకున్నావురా?"

"అన్నయ్య ఎవరికీ చెప్పొద్దన్నాడు వదినా. మగ్గం ఆగిపోతుందన్నాడు."

"సీసాలన్నీ చిన్నమ్మలు పట్టుకుపోయింది" అన్నాడు అబ్బులు వణుకుతూ. ఆయనకి తమ్ముడి చెంప కనపడలేదు. "డాక్టరుగారి కోసం పరిగెట్టరా. పరిగెట్టు!"

* * *

మోపెడ్ చప్పుడు వినగానే అబ్బులు చొక్కా చెయ్యి పైకి మడిచేసుకున్నాడు. డాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. ఆయన నిజానికి డాక్టరు కాదు. అమలాపురంలో ఒకాయన దగ్గర కాంపౌండరుగా చేసి, సంచీ పట్టుకుని ఊళ్ళమీద పడ్డారు. అయితేనేం, గోదావరి పొంగి రోడ్లు మునిగినప్పుడు దోనె మీద వచ్చి సెలైన్లు ఎక్కించింది ఆయనే. ఈ వీధిలో సగంమంది పిల్లలు ఆయన చేతిలోనే పుట్టారు. మత్తు మీద పోరాటానికి సంఘంవాళ్ళు ఆయన్నే గౌరవాధ్యక్షుణ్ణి చేసి దండేశారు. ఆయన ఆరోజు బాగా మాట్లాడారు కూడా.

వెయ్యొద్దండీ అని ఉమామహేశ్వరి చెప్పాలనుకుంది. మొగుడు చాప మీద మెలికలు తిరుగుతుంటే నోరు రాలేదు. పైగా అలవాటుకొద్దీ వెళ్ళి భుజం పట్టుకుంది కూడా. సూది పడింది. కాసేపటికి అబ్బులు మొహం తేటపడింది. అన్నం పెట్టమని అడిగాడు.

"మంచినీళ్ళిప్పిస్తారా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

గ్లాసు ఇస్తూ ఆవిడ అడిగింది.

"మందయితే చీటీలు ఎందుకు గీకేరండీ?"

ఆయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"సంఘం పెట్టుకున్నారు కదమ్మా. మందుకీ మత్తుకీ తేడా తెలియనివాళ్ళ కంట పడితే గొడవ."

"నాకూ తెలియదండి. చెప్పండి, ఏవిటా తేడా?"

"మీకు కోపంగా ఉంది. ఉంటుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఈ నడుంతో పెద్దాసుపత్రికెళితే ఏమంటారు? మూడు నెలలు మంచం దిగొద్దంటారు. మంచం మీద ఉంటే చీర ఎవరు నేస్తారమ్మా? నేను సూదేసేను. లేచి మగ్గంలో దిగేరు. నేను చేసిన పాపం అదే."

"ఇప్పుడు సూది లేకపోతే మగ్గంలోకే కాదండి, మనుషుల్లోకే రాలేకపోతున్నారు."

ఆయన సంచీ జిప్పు ఒకసారి లాగి, మళ్ళీ తీశారు.

"ఈయనొక్కరేనాండీ?"

"మగ్గం చప్పుడు వినపడే ఇల్లు ఈ వీధిలో ఏదైనా చెప్పండి. దాదాపు అన్నింటికీ నేను వెళుతున్నట్టే."

"సీతారత్నం పిన్నిగారింటికీ?"

"వాళ్ళాయన తాతబ్బాయిగారు మీవారికంటే ముందునుంచీ."

ఉమామహేశ్వరికి మీటింగులో చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే కళ్ళముందుకొచ్చారు. ఎవరికీ తెలియదు. తెలిసినా, నిన్నటిదాకా తనకి తెలిసినట్టే తెలుసు.

"అందుకే చెబుతున్నానమ్మా, పెద్దవాడిగా" అన్నారాయన చాలా నెమ్మదిగా. "కొండబాబు కుర్రాడు. పెళ్ళాంపిల్లలు లేరు. ఎక్కడికెళ్ళినా బతుకుతాడు. తప్పు వాడిదన్నారు, వాడూ కాదనలేదు. వెళ్ళనివ్వండి. రేపు పడుగు సవ్యంగా జరిగిపోతుంది. మీరు నోరు తెరిస్తే మీ మగ్గం ఒక్కటే ఆగదు. వీధంతా ఆగిపోతుంది."

"మరి వాడి మీద పడ్డ పేరు?"

"ఓ ఏడాది పోతే ఎవరికి గుర్తుంటుందమ్మా?"

ఆయన వెళ్ళిపోయాక అబ్బులు అన్నం కలుపుకుంటూ అన్నాడు.

"డాక్టరుగారు చెప్పింది సబబుగానే ఉంది ఉమా. కొండంటే కుర్రాడు, వెళతాడు. నేనెక్కడికి పోగలను?"

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉండగానే ఆ మాట అన్నాడు. ఉమామహేశ్వరికి మొగుడి మీద మొట్టమొదటిసారి అసహ్యం వేసింది. వేసినందుకు ఏడుపొచ్చింది. ఆ చేత్తోనే కొండబాబుకీ వడ్డించింది. వాడు కడుపునిండా తిన్నాడు.

* * *

తూరుపు తెలుపెక్కేసరికి వీధంతా కదిలింది. మాటంటే మాటే. అందరూ వచ్చారు. సంచీ భుజానికి తగిలించుకుని నిలబడ్డ కొండబాబుని చూసి సీతారత్నం దగ్గరికెళ్ళి తల నిమిరింది.

"బాగుపడి రా నాయనా. నీ మీద మాకు పగేం లేదు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు వాడు. గంజి కాచి దింపింది వాడే. ఇంటికి చేసే ఆఖరి పని అని అడిగి మరీ చేశాడు.

పడుగు సాగింది. ఈ చివర సీతారత్నం భర్త తాతబ్బాయి, మరో ఇద్దరు మొగవాళ్ళు బిగించి పట్టుకున్నారు. ఆ చివర ఇంకో ముగ్గురు. మధ్యలో ఆడవాళ్ళు గంజి పట్టిస్తున్నారు. తెల్లటి నూలు వీధి పొడుగునా బిగిసి నిలబడింది. అబ్బులు మాత్రం నడుం పట్టుకుని అరుగు మీదే ఉన్నాడు.

"వెళ్ళొస్తాను వదినా" అన్నాడు కొండబాబు.

ఉమామహేశ్వరి చేతిలో కుంచె ఉంది. గంజి తడి మీద ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే చేతులన్నీ జారిపోతాయి, ఈ నూలు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. అదంతా ఆవిడకి తెలుసు. వాడు మూల మలుపు తిరిగితే ఇంకెప్పటికీ చెప్పలేనని కూడా తెలుసు.

"పిన్నిగారూ, ఆ సీసాలు కొండవి కావండి. మా ఆయనవి."

కుంచెలు ఆగాయి.

"సూదులు డాక్టరుగారు ఇస్తున్నారండి. మా ఇంటికే కాదు."

"ఏవిటే ఆ మాట?" అంది సీతారత్నం. "ఆయన్ని పట్టుకుని అంత మాటంటావా? మరిదిని కాపాడుకోడానికి ఎంతకైనా దిగుతావా?"

"తాతబ్బాయి బాబాయిగారిని అడగండి."

సీతారత్నం మొగుడి వైపు తిరిగింది. తాతబ్బాయి పడుగునే చూస్తున్నాడు. పోగులు లెక్కపెడుతున్నాడా అన్నంత ఏకాగ్రతగా చూస్తున్నాడు.

అప్పుడే మోపెడ్ వచ్చింది. రోజూ వచ్చేవేళకే వచ్చింది. డాక్టరుగారు బండి ఆపి అందరి మొహాలూ చూశారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

"సరేనమ్మా" అన్నారాయన ఉమామహేశ్వరితో. కోపం లేదు, కంగారు లేదు. "సంఘం మాటే నా మాట. ఇవాళ్టినుంచి ఈ వీధిలో ఎవరికీ సూది వెయ్యను. సెలవు."

బండి వెనక్కి తిప్పారు.

ముందు వదిలింది తాతబ్బాయే. పడుగు అంచు చేతిలోంచి జారిపోయింది. ఆయన వెనకే మిగతా ఇద్దరూ, ఆ చివర ముగ్గురూ. నూలు మధ్యకి వేలాడి మట్టిలో పడింది. మొగవాళ్ళందరూ బండి చుట్టూ మూగారు. కొట్టడానికి కాదని ఆడవాళ్ళకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"డాక్టరుగారండీ, ఆగండి... ఆడవాళ్ళ మాటలకి..."

"ఇవాళ్టికి వేసెయ్యండి బాబూ. రేప్పొద్దున్న మాట్లాడుకుందాం."

"ఎన్నాళ్ళనుంచండీ?" అని సీతారత్నం అడిగింది. మొగుడు వెనక్కి తిరగలేదు. మోపెడ్ క్యారియరు పట్టుకుని, అక్కణ్ణుంచే ఉమామహేశ్వరితో అన్నాడు.

"తప్పైపోయిందని చెప్పమ్మా ఉమా. సీసాలు కొండబాబువే అని చెప్పు. వాడెలాగూ వెళుతున్నాడు."

అప్పుడు వీధి మధ్యలోకొచ్చి కొండబాబే అన్నాడు.

"నావేనండి. వదినకి నా మీద ప్రేమ, అందుకని అబద్ధం ఆడింది."

వీధి మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజం వాళ్ళకి తెలిసింది, అది వాళ్ళ మొహాల్లోనే ఉంది. అయినా ఒకావిడ వంగి మట్టిలోంచి నూలు ఎత్తింది. ఇంకొకావిడ నీళ్ళు చిలకరించి దులిపింది. మొగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పడుగు అంచులు అందుకున్నారు. ఆఖరికి సీతారత్నం కూడా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, కుంచె చేతిలోకి తీసుకుంది. డాక్టరుగారు బండి స్టాండు వేసి సంచీ తెరిచారు. చిన్నమ్మలు ఒక్కతే పడుగు ముట్టుకోలేదు. ఆవిడ ఇంట్లో ఇప్పుడు సూది కావలసినవాళ్ళెవరూ లేరు.

"గంజి ఆరిపోతోంది, దువ్వండి దువ్వండి" అన్నాడు తాతబ్బాయి.

అందరూ అంత సాయం ఉమామహేశ్వరి కాపరానికొచ్చాక ఎప్పుడూ చెయ్యలేదు. పోగు పోగూ విడదీసి, ముడులు వేసి, ఎంతో జాగ్రత్తగా బాగుచేస్తున్నారు. ఆ చేతుల్ని చూస్తుంటే ఆవిడకి గుండె మండిపోయింది. కొండబాబుని అమ్మి కొనుక్కున్న చేతులవి.

అరుగు పక్కన బొండాలు కొట్టే కత్తి ఉంది. ఆవిడ వెళ్ళి తీసుకుంది. నేతింటి ఆడది బతికుండగా చెయ్యని పని అది. పోగు తెగితే ముడేస్తారు, ముడి జారితే మళ్ళీ వేస్తారు, అంతేగానీ పడుగు మీదికి కత్తి ఎత్తడం ఆ వీధి ఎరగదు.

"ఉమా!" అని సీతారత్నం అరిచింది.

బిగిసి ఉన్న పడుగు ఒక్క వేటుకి రెండు ముక్కలైంది. రెండు చివరలా పట్టుకున్నవాళ్ళు వెనక్కి తూలారు. ఒక ముసలావిడ నెత్తి కొట్టుకుంది.

ఉమామహేశ్వరి కత్తి కింద పడేసి ఆయాసపడుతూ నిలబడింది. పోవలసింది పోయింది. ఇక వీధి చెయ్యి ఆపడానికి ఏమీ లేదు.

"కొండా, సంచీ లోపల పెట్టు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

కొండబాబు కదల్లేదు. అన్నగారి వైపు చూశాడు. ఇల్లు ఆయనది, మగ్గం ఆయనది. ఆయన ఒక్క మాట అంటే చాలు. చిన్నమ్మలు, సీతారత్నం, వీధిలో ఉన్న ఆడవాళ్ళందరూ కూడా అటే చూశారు.

"ఏవండీ, చెప్పండి" అంది ఉమామహేశ్వరి.

అబ్బులు అరుగు దిగాడు. తమ్ముడి పక్కనుంచి, తెగిన పడుగుని దాటుకుంటూ, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని డాక్టరుగారి బండి దగ్గరికి నడిచాడు.